కామన్ చార్జరా, పార్కింగ్‌లో మామూలు ప్లగ్గా, ఏమీ లేని ఇల్లా: ఈవీ (ఎలక్ట్రిక్ కారు) ఉన్నవాళ్లకు ఏ అద్దె ఇల్లు మేలు?

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు మీ పార్కింగ్ స్లాట్ పక్కనే, మీ మీటర్ మీద నడిచే మామూలు 16 ఆంపియర్ల ప్లగ్ ఉన్న ఇంటికే. ప్రకటనల్లో గొప్పగా రాసే కామన్ చార్జర్, అంటే బిల్డింగ్ అంతా కలిసి వాడుకునేది, దాని తర్వాతే.

ప్లగ్ నెమ్మది కదా అంటారు. నెమ్మదే. 230 వోల్టుల సరఫరాలో సుమారు 3 కిలోవాట్లు ఇస్తుందంతే. కానీ కారు రాత్రంతా ఊరికే నిలబడే ఉంటుంది, మనం నిద్రలో ఉంటాం, ఇక తొందరేముంది? పది గంటలకు 30 యూనిట్లు, వేడి రూపంలో పోయేది పోగా 26, 27 బ్యాటరీలోకి వెళ్తాయి. చిన్న కారుకు 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు అనుకున్నా ఒక్క రాత్రికి 170 కిలోమీటర్ల పైనే వస్తుంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు రెండున్నర గంటలు చాలు.

ఇప్పుడు కామన్ చార్జర్ సంగతి. దాని మీద 22 కిలోవాట్లు అని ఉంటే మురిసిపోకండి, మామూలు ఏసీ కరెంటుతో చార్జ్ చేసేటప్పుడు ఎంత తీసుకోవాలో తేల్చేది కారు లోపలి ఆన్‌బోర్డ్ చార్జర్, చాలా కార్లలో అది 7.4 దగ్గరో 11 దగ్గరో ఆగిపోతుంది. 7.4 కిలోవాట్ల లైన్‌ను లోడ్ షేరింగ్ పెట్టి ఒకేసారి రెండు కార్లకు పంచితే ఒక్కో కారుకు 3.7 వస్తుంది, అంటే మన ప్లగ్ కంటే పెద్ద తేడా ఏమీ లేదు! అసలు తలనొప్పి వేగం కాదు, మనుషులు. లెక్క ప్రకారం ఒక్కో కారుకు రోజుకు గంట చాలు, ఆరు కార్లకు ఒక చార్జర్ హాయిగా సరిపోవాలి. కానీ ఫుల్ అయ్యిందని అర్ధరాత్రి లేచి కిందికి వెళ్లి కారు తీసేదెవరు? అందుకే ఇల్లు చూడటానికి పగలు కాదు, రాత్రి పదింటికి వెళ్లండి, ఆ చార్జర్ ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతోనే చూడొచ్చు. యూనిట్‌కు ఎంత వసూలు చేస్తారు, చార్జర్ పాడైతే ఎవరు బాగు చేయిస్తారు, చార్జింగ్ అయ్యాక కారు అక్కడే ఉంటే జరిమానా ఉందా అనేవి కూడా అడగాలి, అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి.

మూడోది, చార్జింగ్ ఏమీ లేకుండా అద్దె తక్కువున్న ఇల్లు. దీన్ని వెంటనే కొట్టిపారేయకండి. నెలకు 300 కిలోమీటర్లే తిరిగితే మీకు కావాల్సింది 45 యూనిట్లు, 1,000 తిరిగితే 150. బయటి ఫాస్ట్ చార్జర్‌లో యూనిట్ ధర మామూలుగా ఇంటి కరెంటు కంటే ఎక్కువే కాబట్టి ఆ తేడాను మీ యూనిట్లతో గుణించి చూడండి. అద్దెలో మిగిలేది అంతకన్నా ఎక్కువైతే డబ్బు పరంగా ఈ ఇల్లే మేలు, పోయేది మీ టైమ్ మాత్రమే, అదీ నెలకు 1,000 తిరిగినా, 40 యూనిట్ల బ్యాటరీ అయితే నాలుగైదు రోజులకోసారి అరగంటో ముప్పావుగంటో. బ్యాటరీ 80 శాతం దాటాక చార్జింగ్ వేగం బాగా పడిపోతుంది, అక్కడే తీసేసి వచ్చేయడం తెలివి. రోజూ దూరం తిరిగేవాళ్లకు మాత్రం ఈ పద్ధతి విసుగు పుట్టిస్తుంది.

స్కూటరే ఉన్నవాళ్లు ఈ గోలలో పడక్కర్లేదు, పార్కింగ్‌లో ఒక మంచి సాకెట్ దొరికితే చాలు.

ఇల్లు నచ్చింది, ప్లగ్ ఒక్కటే లేదంటారా? అడ్వాన్స్ ఇవ్వకముందే ఓనర్‌ను అడగండి. మీటర్ నుంచి స్లాట్ దాకా విడిగా వైరు లాగి, దానికి లోడ్ ఎక్కువైతే ఆగిపోయే ఒక ఎంసీబీ, షాక్ కొట్టకుండా ఒక ఆర్‌సీసీబీ పెట్టిస్తే పని అయిపోతుంది, బిల్డింగ్ వాళ్ల అనుమతి ఎలాగూ కావాలి. బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీస్తానంటే మాత్రం వద్దు, గంటల తరబడి అంత కరెంటు లాగితే అది కాలిపోవచ్చు.