రెండు పొరల కర్టెన్లకు ఏది మేలు: డబుల్ రాడ్డా, సీలింగ్ ట్రాకా, లోపల బ్లైండ్ పెట్టి బయట రాడ్డా?

పల్చటి షీర్ ఒకటి, దాని ముందు మందపాటి కర్టెన్ ఒకటి వేద్దామనుకున్నవాళ్లు గుడ్డ ఎంచుకోవడానికి వారం రోజులు తిరుగుతారు, రంగులు పక్కపక్కన పెట్టి చూస్తారు, రాడ్ మాత్రం చివర్లో ఐదు నిమిషాల్లో కొనేస్తారు. మా పడకగదిలో మేమూ అదే చేశాం. డబుల్ రాడ్ పెట్టించాం, చూడ్డానికి బాగానే ఉండేది, కానీ ముందు కర్టెన్ లాగితే వెనక ఉన్న షీర్ కూడా దానితోపాటే ముడుచుకుని వచ్చేది. రోజూ రాత్రి ఒక చేత్తో షీర్ పట్టుకుని ఇంకో చేత్తో కర్టెన్ లాగాల్సి వచ్చేది. గుడ్డలో లోపం లేదు, కుట్టులో లోపం లేదు. రెండు రాడ్ల మధ్య ఎడం చాలలేదు, అంతే.

అందుకే ఇక్కడ అందం గురించి తక్కువ, ఎడం గురించి ఎక్కువ మాట్లాడతాను. రెండు పొరలు వేసేటప్పుడు మొదట తేల్చుకోవాల్సినవి రెండే: ఏ పొరని రోజుకి ఎన్నిసార్లు లాగుతారు, లాగినప్పుడు ఒకటి ఇంకోదానికి తగలకుండా ఉండాలంటే ఎంత జాగా కావాలి.

ముందు డబుల్ రాడ్. ఒకే బ్రాకెట్‌కి రెండు కొక్కేలు ఉంటాయి, గోడకి దగ్గరగా సన్న రాడ్, ముందు లావు రాడ్. మామూలుగా వెనకది 16 లేదా 19 మి.మీ., ముందుది 25 మి.మీ. పైమాట. పని త్వరగా అయిపోతుంది, గోడ గట్టిగా ఉంటే చాలు, తర్వాత ఎప్పుడైనా కర్టెన్ తీసి ఉతకడం కూడా సులువు. చిక్కు ఐలెట్లతో, అంటే కర్టెన్ పై అంచున రాడ్ దూర్చడానికి బిగించే గుండ్రటి రింగులతో వస్తుంది. ఐలెట్ కర్టెన్ రాడ్డుకి ముందుకీ వెనక్కీ అలలాగా మడతపడుతుంది కదా, ఆ మడత ఒక్కోవైపు సుమారు 5 నుంచి 7 సెం.మీ. తీసుకుంటుంది. రెండు రాడ్లకీ ఐలెట్ కర్టెన్లే వేస్తే ముందుదాని వెనక మడత, వెనకదాని ముందు మడత ఒకదానికొకటి ఎదురొస్తాయి, కాబట్టి రాడ్ల మధ్య 12 సెం.మీ. దాకా ఉండాలి. మాకు అమర్చిన బ్రాకెట్‌లో ఉన్నది ఆరున్నర. ఇలాంటి బ్రాకెట్ ఇప్పటికే బిగించి ఉన్నవాళ్లు దాన్ని పీకేయనక్కర్లేదు, వెనక షీర్‌కి ఐలెట్లు తీసేయించి పైన గొట్టంలా కుట్టించి రాడ్ దూర్చేయండి, అప్పుడది పెద్దగా మడతలు పడకుండా రాడ్డుకి అంటుకుని వేలాడుతుంది. కాకపోతే అలా కుట్టిన షీర్ రోజూ లాగడానికి పనికిరాదు, రాడ్డుని పట్టుకుని కదలదు. పగలంతా మూసే ఉంచే కిటికీకైతే దివ్యంగా సరిపోతుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రాడ్ పొడవు ఒకటిన్నర మీటరు దాటితే మధ్యలో ఇంకో బ్రాకెట్ కావాలి, లేకపోతే నడుము వంగుతుంది, మందపాటి కర్టెన్ అయితే ఇంకా ముందే వంగుతుంది. ఆ మధ్య బ్రాకెట్‌ని ఐలెట్ దాటలేదు. కర్టెన్లు రెండు ముక్కలై, మధ్యలోంచి చెరో పక్కకీ తెరుచుకునేవైతే ఇబ్బంది లేదు, ఎవరి సగం వాళ్లది. కానీ మొత్తం ఒకే ముక్కగా ఒక పక్కకి నెట్టాలనుకుంటే అది మధ్యలో ఆగిపోతుంది. లాగితే పొడవయ్యే టెలిస్కోపిక్ రాడ్లతో ఇంకో తలనొప్పి, లావు గొట్టంలోంచి సన్న గొట్టం వచ్చే చోట చిన్న మెట్టు ఉంటుంది, రింగులు అక్కడ తట్టుకుంటాయి, వంగడం కూడా అక్కడే మొదలవుతుంది. కొలతకి కోయించిన ఒకటే రాడ్ దొరికితే అదే తీసుకోండి.

బ్రాకెట్ గోడలోంచి ఊడిరావడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని వెనక లెక్క చాలా సులువు, కానీ కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. ముందు రాడ్ గోడకి 15 సెం.మీ. దూరంలో ఉందనుకోండి, బ్రాకెట్ పలక ఎత్తు 5 సెం.మీ. అనుకోండి. ఆ బ్రాకెట్ మీద 4 కిలోల కర్టెన్ బరువు పడితే పై స్క్రూని గోడలోంచి బయటికి లాగే బలం దాదాపు మూడింతలు, అంటే 12 కిలోల బరువుతో సమానం. గోడ నుంచి ఎంత ముందుకొస్తే అంత, పలక ఎంత పొట్టిదైతే అంత ఎక్కువ. దానిమీద పిల్లలు కర్టెన్ పట్టుకుని లాగితే చెప్పేదేముంది. కాబట్టి డబుల్ బ్రాకెట్ కొనేటప్పుడు పలక పొడవుగా ఉన్నదీ, స్క్రూ రంధ్రాలు పైనా కిందా దూరంగా ఉన్నదీ చూసుకోండి. గుల్ల ఇటుక గోడకీ తేలికపాటి సిమెంట్ బ్లాకులకీ స్క్రూ కోసం రంధ్రంలో దూర్చే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు నిలవవు, వాటికంటూ వేరే ప్లగ్గులు వస్తాయి. కిటికీ పైన కాంక్రీట్ దిమ్మె (లింటెల్) ఉన్నచోట గట్టిదనానికి లోటు లేదు గానీ, మామూలు డ్రిల్లు దిగదు, హ్యామర్ డ్రిల్లే కావాలి. చాలామంది అక్కడ రంధ్రం సగం దిగగానే స్క్రూ పొట్టిది వేసి కానిచ్చేస్తారు, దగ్గరుండి చూసుకోండి.

ఇక సీలింగ్ ట్రాక్. రెండు అల్యూమినియం పట్టాలు పైకప్పుకి బిగిస్తారు, వాటిలో రన్నర్లు జారుతుంటాయి, కర్టెన్ హుక్స్ రన్నర్లకి తగిలిస్తారు. బిగించే క్లిప్పులన్నీ పట్టా పైన ఉంటాయి కాబట్టి దారిలో అడ్డమేదీ ఉండదు, నాలుగు మీటర్ల వెడల్పున్నా కర్టెన్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ఊపులో వెళ్లిపోతుంది. డబుల్ రాడ్ ఎంత మంచిదైనా ఈ పని చేయలేదు. బరువు కూడా రెండు మూడు బ్రాకెట్ల మీద కాకుండా అరమీటరుకి ఒకటి చొప్పున ఉన్న క్లిప్పులన్నిటి మీదా పంచుకుంటుంది. పైనుంచి వెలుతురు తొంగిచూడదు, గది ఎత్తుగా కనిపిస్తుంది.

ఇక్కడా ఎడం లెక్క తప్పదు. పైన కుచ్చులు (ప్లీట్లు) కుట్టిన కర్టెన్ రెండు పట్టాల మధ్య 8 నుంచి 10 సెం.మీ. ఉంటే ఒప్పుకుంటుంది. ఒకే సైజు అలల్లా పడే వేవ్ కర్టెన్ ముందుకీ వెనక్కీ కలిపి 12 సెం.మీ. పైనే తింటుంది, రెండు పొరలూ వేవ్ అయితే పట్టాల మధ్య 14 దాకా వదలాలి. పట్టాల్ని పెల్మెట్‌లో, అంటే ముందు అడ్డంగా కట్టే పెట్టెలో దాచాలనుకునేవాళ్లు పెట్టె కట్టకముందే ఇది తేల్చుకోండి. ఒక ట్రాక్‌కి 12, 15 సెం.మీ. లోతు సరిపోతుంది, రెండింటికి 20 కావాలి, వేవ్ అయితే 25 పైనే. పెట్టె కట్టేశాక ఇరుకైందని తెలిస్తే చేయగలిగింది ఏమీ లేదు, కర్టెన్ ముందు అంచుకి రాసుకుంటూనే ఉంటుంది. కిటికీ హ్యాండిల్, ముందుకి పొడుచుకొచ్చిన కిటికీ గట్టు ఉంటే వాటిని దాటి వెనక పట్టా మొదలవ్వాలి.

ట్రాక్‌కి ఉన్న అసలు బలహీనత పైకప్పే. జిప్సం ఫాల్స్ సీలింగ్ పలకకి నేరుగా స్క్రూలు వేసి మందపాటి కర్టెన్ తగిలిస్తే అది ఇవాళ కాకపోతే రేపు ఊడుతుంది. పలక వెనక లోహపు ఛానల్‌లోకో, ముందే అమర్చిన ప్లైవుడ్ పట్టీలోకో స్క్రూ దిగాలి. సీలింగ్ పని జరిగేటప్పుడే ప్లైవుడ్ వేయించుకున్నవాళ్లు అదృష్టవంతులు, లేనివాళ్లు దయచేసి గోడకి బిగించే బ్రాకెట్లతో ట్రాక్ వేసుకోండి, అలాంటివీ దొరుకుతాయి. రన్నర్లు 8, 10 సెంటీమీటర్లకి ఒకటి లెక్కన వేయించి, ఒక్కో పట్టాలో నాలుగైదు అదనంగా ఉంచుకోండి. ఒకటి విరిగితే చివర స్టాపర్ తీసి ఇంకోటి దూర్చొచ్చు.

తలుపుల దగ్గర నా మాట సూటిగా చెప్తాను: జారే అద్దాల తలుపుకీ బాల్కనీ తలుపుకీ ట్రాకే. రోజుకి పదిసార్లు ఆ దారిన వెళ్తాం, ప్రతిసారీ కర్టెన్ అంచు పట్టుకుని గుంజుతాం, రింగులు రాడ్ మీద కరకరలాడుతుంటే విసుగొస్తుంది. ట్రాక్‌లో మొదటి రన్నర్‌కి ఒక సన్న కర్ర తగిలించుకుంటే గుడ్డ ముట్టుకోకుండానే లాగొచ్చు, అంచులు మాసిపోవు కూడా. తెరిచినప్పుడు కర్టెన్ కుప్ప ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో కూడా చూడాలి, గుడ్డని బట్టి తలుపు వెడల్పులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా పడుతుంది. ఆ కుప్ప అద్దం మీద కాకుండా గోడ మీదకి వెళ్లేలా పట్టాని తలుపు దాటి పొడిగించండి. లోపలికి తెరుచుకునే తలుపైతే రెక్క పై అంచు పట్టాకీ కర్టెన్ కుప్పకీ తగలకూడదు, డ్రిల్ చేయకముందు తలుపుని పూర్తిగా తెరిచి మూసి చూడండి.

మూడోది, కిటికీ లోపల బ్లైండ్, బయట ఒకే కర్టెన్ రాడ్. పడకగది కిటికీకి నా ఓటు దీనికే, మేము చివరికి మారిందీ దీనికే. రెండు పొరలూ రెండు వేర్వేరు చోట్ల ఉంటాయి కాబట్టి ఒకటి ఇంకోదాన్ని తాకే ప్రశ్నే లేదు. బ్లైండ్ పైకీ కిందకీ, కర్టెన్ పక్కకీ. పైన గొట్టానికి చుట్టుకునే రోలర్ బ్లైండ్‌కి ఒక సహజమైన లోపం ఉంది, చివర్లలో బ్రాకెట్ల జాగా పోను గుడ్డ కిటికీ వెడల్పు కంటే కాస్త తక్కువ ఉంటుంది, చెరోపక్కా ఒకటిన్నర, రెండు సెం.మీ. సందులోంచి ఉదయం ఎండ కత్తిలా లోపలికి వస్తుంది. ముందు కర్టెన్ ఉంటే ఆ సందు మూసుకుంటుంది. కర్టెన్ ఒక్కటే ఉన్నప్పుడు మధ్యలో, పైన వచ్చే వెలుతురుని బ్లైండ్ ఆపుతుంది. పగలు నిద్రపోవాల్సిన నైట్ షిఫ్ట్ వాళ్లకీ చంటిపిల్లలున్న ఇంటికీ ఇంతకంటే మంచి జోడీ నేను చూడలేదు. పక్కల వెలుతురు పూర్తిగా ఆగాలంటే రెండు చివరలూ గోడవైపు వంగి ఉండే రాడ్ తీసుకోండి, కర్టెన్ అంచు వంపు తిరిగి గోడని తాకుతుంది.

కానీ దీనికి కిటికీ గోడలో లోతు ఉండాలి. రోలర్ బ్లైండ్ పూర్తిగా లోపల ఇమడాలంటే 7, 8 సెం.మీ., పైన పెట్టెతో వచ్చే, అడ్డ చారల జీబ్రా బ్లైండ్‌కి 9, 10. కిటికీ హ్యాండిల్ అడ్డమొస్తే గుడ్డ గొట్టం ముందువైపు నుంచి దిగేలా తిప్పి చుట్టమని అడగండి, మూడు నాలుగు సెంటీమీటర్లు కలిసొస్తాయి. వెడల్పు పైనా మధ్యనా కిందా మూడుచోట్ల కొలిచి అన్నిటికంటే తక్కువది రాసివ్వండి, ఇచ్చేటప్పుడు అది కిటికీ సందు కొలతో, గుడ్డ కొలతో స్పష్టంగా చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే మా మొదటి బ్లైండ్ మరీ సన్నగా వచ్చింది. కిటికీ రెక్కలు లోపలికి తెరుచుకునేవైతే ఈ పద్ధతి మర్చిపోండి, డబుల్ రాడ్డో ట్రాకో చూసుకోండి.

బ్లైండ్ అనగానే దాన్ని పైకీ కిందకీ లాగే చైన్ గురించి చెప్పకుండా వదలలేను. ఉచ్చులా వేలాడే చైన్ చిన్నపిల్లల మెడకి చుట్టుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, ఇది నిజంగా జరిగే ప్రమాదం, చాలా దేశాలు దీనికోసమే ప్రమాణాలు పెట్టుకున్నాయి. పిల్లలున్న ఇంట్లో చైన్ లేని స్ప్రింగ్ రకమే కొనండి. ఇప్పటికే చైన్ ఉన్నది వాడుతుంటే దాన్ని బిగుతుగా పట్టి ఉంచే క్లిప్‌ని గోడకి స్క్రూతో బిగించండి, మంచమూ సోఫా ఆ కిటికీ దగ్గర నుంచి జరపండి. ఈ ఒక్క పని మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

డ్రిల్ చేయడానికి వీల్లేని అద్దె ఇళ్లలో కిటికీ ఫ్రేమ్ మధ్య బిగుతుగా నిలబడే టెన్షన్ రాడ్ వాడుతుంటారు. మీటరు వెడల్పు దాకా షీర్ ఒక్కటి ఆపుతుంది, మందపాటిది వేస్తే జారి కిందపడుతుంది. ముందు కర్టెన్‌కి ఎలాగూ గోడకి రాడ్ ఉంటే షీర్‌ని టెన్షన్ రాడ్ మీద వేసుకోవడం తెలివైన పనే, డబుల్ బ్రాకెట్ బరువు గోడకి తప్పుతుంది. ఉన్న సింగిల్ రాడ్డుకి తగిలించి రెండోది చేసుకునే కొక్కేలు కూడా వస్తున్నాయి, అవి పల్చటి షీర్‌కి తప్ప వద్దు, ఆ బరువంతా పాత స్క్రూల మీదే పడుతుంది.

చివరిగా కుట్టేవాళ్ల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది. రాడ్డో ట్రాకో బిగించాకే, ముందు కాదు. గుడ్డ వెడల్పు పట్టా పొడవుకి రెట్టింపు, షీర్‌కైతే రెండున్నర రెట్లు. ఎత్తు రన్నర్ కన్ను దగ్గర నుంచి, లేదా రింగు కింది కొక్కెం దగ్గర నుంచి నేల దాకా కొలవండి, ఎడమ చివర, మధ్యన, కుడి చివర మూడుచోట్ల కొలవండి, ఎందుకంటే నేలా పైకప్పూ సమంగా ఉన్న గదులు తక్కువ. వాటిలో తక్కువదాంట్లోంచి ఒక సెంటీమీటర్ తీసేసి ముందు కర్టెన్‌కి ఇవ్వండి, షీర్‌కి ఇంకో సెంటీమీటర్ తగ్గించండి, లేకపోతే కింద దాని అంచు తొంగిచూస్తుంది.