జేబులో ఊదుడు మిషను: కొనొచ్చా? కొంటే ఏది?

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కీచెయిన్ సైజు బ్రీత్ ఎనలైజర్ల సంగతి ముందే తేల్చేద్దాం: వద్దు. వాటిలో ఉండేది సెమీకండక్టర్ సెన్సర్. సిగరెట్ పొగ తగిలినా, షుగరు అదుపు తప్పినవాళ్ల ఊపిరిలో వచ్చే ఎసిటోన్ తగిలినా మందు తాగారనే చూపించొచ్చు. అంతకన్నా ప్రమాదం దాని పచ్చలైటు. హెచ్చరిక 0.05 శాతం దగ్గర పెట్టి అమ్మేవి చాలా ఉన్నాయి. మన చట్టంలో గీత 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. 0.04 ఉన్నా పచ్చగా వెలిగిందని బండి తీస్తే మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద పడ్డట్టే.

డబ్బు పెట్టేదుంటే ఫ్యూయల్ సెల్ రకానికి (ఊపిరిలోని ఆల్కహాల్ నుంచి పుట్టే కరెంటును కొలిచే సెన్సర్) పెట్టండి. ధర కొన్ని రెట్లు ఎక్కువే, కానీ అంకె నమ్మదగ్గది. పెట్టె విప్పగానే సెట్టింగుల్లో యూనిట్ చూడాలి. శాతంలో 0.03, ప్రోమిల్‌లో (వెయ్యికి ఎంత అనే లెక్క) 0.30, లీటరు ఊపిరికి మిల్లీగ్రాముల్లో సుమారు 0.14, ఈ మూడూ ఒకటే. మూడో యూనిట్‌లో పెట్టి ఉంచి, 0.14 చూసి ‘0.30కి ఇంకా సగం దూరం ఉంది’ అనుకుంటే కొంప మునుగుతుంది.

ఆఖరి గుక్క తర్వాత 20 నిమిషాలు ఆగి ఊదాలి. నోట్లో మిగిలిన మందు, మౌత్‌వాష్, తేన్పు అన్నీ అంకెను పెంచేస్తాయి. ఆగకుండా అయిదు సెకన్లు ఊదితేనే ఊపిరితిత్తుల అడుగు గాలి వస్తుంది. ఇంతా చేస్తే అది ఆ నిమిషం లెక్క మాత్రమే. తాగడం ఆపాక కూడా అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో మందు పెరుగుతూనే ఉండొచ్చు. ఇచ్ఛాపురంలో బయల్దేరేటప్పుడు 0.02 వచ్చినవాడికి బరంపురం చేరేసరికి 0.04 రావడంలో వింతేమీ లేదు. దిగడం మాత్రం నెమ్మది: 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు. అర్ధరాత్రి 120 ఉంటే 30కి దిగేసరికి పొద్దున్న ఆరవుతుంది. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరపెట్టవు.

ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల వైపు దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. ఇప్పసారాకి, జీలుగు కల్లుకి సీసా మీద శాతం రాసి ఉండదు కదా, గ్లాసుల లెక్క పనికిరాదు.

ఇక కేసు సంగతి. మీ మిషను రీడింగు చూపించి ఐఐసీతో (ఒడిశాలో స్టేషన్ ఇన్‌స్పెక్టర్) వాదించి లాభం లేదు. లెక్కలోకి వచ్చేది పోలీసు ఎనలైజర్ పరీక్ష, లేదా రక్తపరీక్ష. వాళ్లు ఊదమన్నప్పుడు కొత్త మౌత్‌పీస్ అడగండి, చీటీ మీద తేదీ, టైము, అంకె చదివి అప్పుడు సంతకం పెట్టండి. ఊదనని మొండికేస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. సరైన కారణం చూపకపోతే ఆ నిరాకరణ కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది. అరెస్టు చేశాక రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలని 202 సెక్షన్ చెబుతోంది. కాబట్టి అరెస్టు టైము కాగితం మీద పడేలా చూసుకోవాలి.

రోడ్డు మీద డబ్బు కట్టి ముగించే కేసు కాదిది. 185కి రాజీ చలానా లేదు, కోర్టుకే వెళ్లాలి. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారికి 15,000, రెండేళ్ల దాకా. అటు ఒడిశా పర్లాకిమిడిలో పట్టుబడినా ఇటు ఆంధ్రా పాతపట్నంలో పట్టుబడినా సెక్షన్ ఒకటే. లైసెన్సు సస్పెన్షన్ విడిగా ఉంటుంది, సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ చెప్పింది కనీసం మూడు నెలలు. 185 ఒక్కటే అయితే బెయిలబుల్, స్టేషన్లోనే పూచీ మీద బయటికి రావచ్చు. మనిషి చనిపోతే కథ వేరు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్లూ కలుస్తాయి. ఊదుడు తప్పించుకుంటే ఇన్సూరెన్సు దక్కుతుందనే ఆశా వద్దు. ఎనలైజర్ పరీక్ష జరగకపోయినా తాగి నడిపాడని కంపెనీ వేరే ఆధారాలతో రుజువు చేయొచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒడిశాలో మన తెలుగువాళ్లు ఇరుక్కునేది కాగితాల దగ్గర. అన్నీ ఒడియాలో ఉంటాయి, ఆ భాష మాట్లాడటం వచ్చినా చదవడం రానివాళ్లు చాలామంది. చదివి వినిపించమని అడగడానికి మొహమాటపడొద్దు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు, న్యాయసహాయం హెల్ప్‌లైన్ నంబరు 15100. మిషను కన్నా ముందు ఫోన్లో ఉండాల్సింది ఇది.

కొనేముందు ఇంకొకటి అడగండి: కాలిబ్రేషన్ (మిషను అంకె సరిగ్గా వస్తోందో చూసి సరిదిద్దడం) ఎక్కడ చేస్తారు? ఫ్యూయల్ సెల్ మిషనుకైనా ఆరు నెలల నుంచి ఏడాదికొకసారి అది తప్పదు. ‘అక్కర్లేదండీ’ అనే అమ్మకందారు దగ్గర కొనొద్దు.