పర్లాకిమిడి దాణా కొట్లలో లైసిన్: తెల్లదా, గోధుమరంగుదా?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు సొంతంగా దాణా కలుపుకునే కోళ్ల రైతులకు, కోడి మేతలో కలిపే అమైనో ఆమ్లం (ప్రోటీన్ ముడిసరుకు) లైసిన్ రెండు రూపాల్లో దొరుకుతుంది. తెల్లటి పలుకుగా ఉండేది 98.5 శాతం హైడ్రోక్లోరైడ్. గోధుమరంగు గుళికలుగా ఉండేది 70 శాతం సల్ఫేట్. రేటు తక్కువని రెండోది ఎత్తుకునే ముందు ఓ లెక్క చూసుకోవాలి. తెల్లదాంట్లో అసలు లైసిన్ 78.8 శాతం, గోధుమరంగుదాంట్లో దాదాపు 55. ఉదాహరణకు తెల్లది కిలో 200 రూపాయలుంటే గోధుమరంగుదానికి 140 దాటి పెడితే నష్టమే.

రెండింటినీ తయారుచేసేది సూక్ష్మజీవులే, ఎక్కువగా కోరినేబాక్టీరియం గ్లుటామికం. మామూలుగా ఆ సూక్ష్మజీవి ఒంట్లో లైసిన్, త్రియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం చాలినంత చేరగానే ఆస్పార్టోకైనేజ్ అనే ఎంజైము ఆగిపోతుంది, తయారీ అక్కడితో సరి. జన్యువు మార్చిన రకంలో ఆ ఎంజైము ఆగదు. మిగులు లైసిన్ బయటికి వచ్చేస్తుంది. మొక్కజొన్న గ్లూకోజో మొలాసిస్సో పోసి, 30 డిగ్రీల దగ్గర, అమోనియాతో పీహెచ్ 7 నిలుపుతూ, గాలి ఆపకుండా కొడతారు. గాలి తగ్గితే లైసిన్ బదులు లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. బ్యాక్టీరియాను చంపే ఫేజ్ వైరస్ పడితే ట్యాంకు మొత్తం పారబోయడమే.

తేడా వచ్చేది ఆ తర్వాతే. తెల్లదానికి కణాలను వడకట్టి, శుద్ధి చేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో స్ఫటికాలు కట్టిస్తారు. గోధుమరంగుది కణాలతో సహా ఆరబెట్టినది. జన్యుమార్పిడి బ్యాక్టీరియా కోడి మేతలోకి వస్తుందా అని అడిగేవాళ్లకు జవాబు ఇదే: తెల్లదాంట్లో కణాలు తీసేసి ఉంటాయి, రెండోదాంట్లో చచ్చిన కణాలుంటాయి. వాటి ప్రోటీన్ కూడా మేతే కాబట్టి అదేమీ లోపం కాదు.

చిన్న ఫారానికి మా ఓటు తెల్లదానికే. కల్తీ పట్టుకోవడం తేలిక. గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కలిపితే తేటగా కరగాలి. అడుగున మడ్డి దిగితే అనుమానించాలి. ఆ మడ్డి మీద నిమ్మరసం పిండినప్పుడు పొంగితే సుద్ద, అయోడిన్ చుక్కకు నీలమైతే పిండి. యూరియా కలిపితే మాత్రం ఇవేవీ పట్టవు. ల్యాబ్‌లో నత్రజని పరీక్ష ఒక్కటే చేయించినా మోసపోతాం, యూరియాలో నత్రజని ఇంకా ఎక్కువ. యూరియాకు విడిగా పరీక్ష చెప్పాలి.

తెల్లదానికీ ఓ చిక్కుంది: క్లోరైడ్. టన్ను దాణాకు 3 కిలోల లైసిన్ వేస్తే, సుమారు కిలో ఉప్పులో ఉన్నంత క్లోరైడ్ అదనంగా చేరుతుంది. ఉప్పు తగ్గించకపోతే కోళ్లు నీళ్లు ఎక్కువ తాగి, వాటి కింద పరిచిన లిట్టర్ తడుస్తుంది. కిలో ఉప్పు తీసేసి, పోయిన సోడియం కోసం కిలోన్నర లోపు వంటసోడా వేయాలి. సల్ఫేట్ రకానికి ఈ బాధ లేదు.

మొక్కజొన్న, సోయా దాణాలో కోడికి మొదట కొరతపడేది మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం, లైసిన్ ఆ తర్వాత. మెథియోనిన్ వేయకుండా లైసిన్ పెంచితే డబ్బు రెట్టలో పోతుంది. 100 కిలోల సోయా పిండి తీసి 97 కిలోల మొక్కజొన్న, 3 కిలోల లైసిన్ వేయడమనే పాత సూత్రం పందుల మేతది. కోళ్లకు దాన్ని గుడ్డిగా వాడితే మెథియోనిన్, త్రియోనిన్ రెండూ పడిపోతాయి.

2, 3 కిలోల పొడిని నేరుగా మిక్సర్‌లో పోస్తే ఒకచోటే ఉండిపోతుంది. ముందు 20 కిలోల మొక్కజొన్న రవ్వలో చేత్తో కలిపి, ఆ తర్వాత పోయాలి. నిలువు మిక్సర్ అయితే పావుగంట తిప్పాలి. మొలాసిస్ వాడేవాళ్లు దాన్ని చివర్లో పోస్తేనే గడ్డలు కట్టదు.

కొట్లలో నచ్చనిది విడి అమ్మకం. తెరిచిన బస్తాలోంచి కిలో కవర్లలో కట్టి ఇస్తే, వానాకాలం ఇక్కడి తేమకు గడ్డ కట్టేస్తుంది. బ్యాచ్ నంబరూ ఉండదు, తయారీ తేదీ ఉండదు. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి లోపలి కవరు చెదరని 25 కిలోల బస్తా కొనుక్కుని, ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు అడిగి తీసుకోవడమే నయం.