తొలి వలస పక్షుల కోసం కొన్న స్పాటింగ్ స్కోప్: రెండు వలస కాలాల వాడకం తరువాత

ఉత్తరాన గూళ్లు పెట్టే ఉల్లంకి పిట్టలు చలి మొదలయ్యేదాకా ఆగవు. గుడ్లో పిల్లలో దక్కనివి ముందుగానే తిరుగుముఖం పడతాయి, వాటి వెనుక మిగిలిన పెద్ద పక్షులు, మరికొన్ని వారాలకు ఆ ఏటి పిల్లలు తమంతట తాముగా వస్తాయి. అందుకే జూలై నెలాఖరు నుంచే చెరువుల బురద అంచులను గమనించడం నాకు అలవాటు. 65 మిల్లీమీటర్ల ముందు కటకం, 16 నుంచి 48 రెట్ల జూమ్, వంగి చూసేందుకు వీలుగా 45 డిగ్రీల వాలున్న ఐపీస్ (కన్ను ఆనించి చూసే భాగం) గల ఈ స్పాటింగ్ స్కోప్‌ను, అంటే స్టాండు మీద నిలిపి ఒంటికంటితో చూసే దుర్భిణిని, నేను ఆ పని కోసమే కొన్నాను.

పక్షిని వెతికి పట్టుకోవడానికి నా 8×42 (8 రెట్లు, 42 మిల్లీమీటర్ల కటకాలు) బైనాక్యులర్‌ను మించినది లేదు, అది ఇప్పటికీ మెడలోనే ఉంటుంది. అయితే పిచ్చుకంత ఉండే లిటిల్ స్టింట్ అనే ఉల్లంకి అవతలి ఒడ్డున బురద పొడుస్తుంటే దాని కాళ్లు నల్లగా ఉన్నాయో, దాన్ని పోలిన టెమ్మింక్స్ స్టింట్ కాళ్లలా పసుపుపచ్చగా ఉన్నాయో బైనాక్యులర్‌లో తేలదు. స్కోప్‌ను 25 రెట్ల దగ్గర నిలిపి చూసినప్పుడు కాళ్ల రంగే కాదు, వీపు మీద తెల్లని గీతలు రెండు కలిసి ఏర్పడిన V ఆకారం, అంచు చెదరని కొత్త ఈకలు కూడా స్పష్టంగా కనిపించి, అది ఆ ఏడాది పుట్టిన పిల్ల అని తెలిసింది. పెద్ద పక్షుల ఈకలు అప్పటికి అరిగి, అంచులు చిరిగి ఉంటాయి. వచ్చినది ఏ జాతి పక్షి అన్నదానితో పాటు ఏ వయసుది అన్నది కూడా చెప్పగలగడమే ఈ పరికరం నాకు చేసిన అసలు మేలు.

బాతుల విషయంలో పరీక్ష ఇంకా కఠినం. గూళ్ల కాలం ముగిశాక మగబాతులు రంగు ఈకలు రాల్చి, ఆడబాతుల్లాగే గోధుమరంగులోకి మారతాయి, ఈ దశను ఎక్లిప్స్ అంటారు. ముందుగా వచ్చే గార్గనీ మగబాతుకు ఆ రోజుల్లో పేరుపొందిన తెల్లని కనుబొమ చార ఉండదు. ముఖం మీది చారలు, ముక్కు మొదట్లోని లేత మచ్చ చూసి జాతిని పోల్చుకోవాలి, ఆ తరువాత అది రెక్క చాచేదాకా ఓపిక పట్టాలి, ఎందుకంటే మగదాని రెక్క ముందు భాగంలోని లేత నీలిబూడిద రంగు ఎక్లిప్స్‌లోనూ పోదు. ఒకసారి అలా ముప్పావు గంట కూర్చున్నాను, రెక్క విప్పింది రెండు క్షణాలే అయినా ఆ రంగు కటకంలో చెదరకుండా కనిపించింది.

జూమ్ చివరి అంకెను చూసి మాత్రం ఎవరూ ఈ స్కోప్ కొనవద్దు. 16 రెట్ల వద్ద కంటికి చేరే కాంతి వలయం సుమారు 4 మిల్లీమీటర్లు, 48 వద్ద అది 1.4 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది కనుక తెల్లవారుజామున బొమ్మ మసకబారుతుంది. ఎండ ముదిరాక బురద మీద లేచే ఆవిరి సెగకు పక్షి రూపమే అలలలా కదులుతుంది, అప్పుడు రెట్లు పెంచిన కొద్దీ ఆ కదలికే పెద్దదై కనిపిస్తుంది. నేను 20–30 మధ్యనే ఉంచుతాను, వీలైనంత వరకు సూర్యుణ్ణి వీపు వెనుక పెట్టుకుంటాను.

ఫోకస్ చక్రం మెత్తగా, జారకుండా తిరుగుతుంది. ఐపీస్ చుట్టూ ఉన్న రబ్బరు కప్పు మాత్రం నాసిరకం, తిప్పి పైకి లేపితే అక్కడ నిలవదు, కొద్దిగా ఒత్తగానే కిందికి దిగిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారు దాన్ని ఎలాగూ కిందికే ఉంచుతారు కాబట్టి వారికి ఇబ్బంది ఉండదు. నాకు రెండో ఏట కూడా చిరాకు తగ్గలేదు.

స్కోప్‌కు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా గట్టి ట్రైపాడ్ కొనాలి. మొదటి కాలమంతా తేలికపాటి దాని మీద వాడి, గాలికి వణికే బొమ్మను చూసి కటకాన్నే తప్పుపట్టాను. స్టాండు మార్చగానే ఆ ఫిర్యాదు లేకుండా పోయింది. ఇప్పుడు గట్టు మీదే దూరంగా కూర్చుంటున్నాను. దూర ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న ఆ పక్షులు నన్ను చూసి లేచిపోకుండా, బురదలో ముక్కు దించి మేత మేస్తూనే ఉన్నాయి.