పెదవి పొక్కులా, సర్పా: దేనికి పరుగెత్తాలి?

కోనసీమలో సర్పి అనగానే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది మంత్రం, పసరు. పెదవి పక్కన పొక్కులు లేస్తే "వేడి చేసింది" అని కొబ్బరిబొండం తాగి ఊరుకుంటాం. రెండూ హెర్పిస్ కుటుంబం వైరస్‌లే, కానీ తొందర ఒకటి కాదు.

పెదవి పొక్కులు: ఎక్కువగా హెచ్‌ఎస్‌వి-1 (హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ మొదటి రకం) వల్ల. ముందు చురచుర, తర్వాత నీటి పొక్కుల గుత్తి, వారం పది రోజుల్లో పెచ్చు కట్టి మానుతుంది. జ్వరం, ఎండ, టెన్షన్‌తో మళ్లీ రావచ్చు.

సర్పి: ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాగి మళ్లీ లేవడం. ఒక పక్కనే పట్టీలా వస్తుంది, చొక్కా తగిలినా మంట, మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు. నడుం చుట్టూ తిరిగి కలిస్తే ప్రాణం పోతుందన్నది ఒట్టి మాట. అసలు భయం, పుండ్లు మానాక కూడా నెలల తరబడి వదలని నరాల నొప్పి, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లకి.

మందు: పెదవి పొక్కులకు చాలాసార్లు అక్కర్లేదు. సర్పికి ఎసైక్లోవిర్ లాంటి మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, ఆ మూడు రోజులూ పసరుతో పోగొట్టుకోకండి దయచేసి. సర్పి రాకుండా టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది, 50 దాటినవాళ్లకు రెండు డోసులు, ఖరీదెక్కువే.

అంటడం: పెదవి పొక్కులుంటే పసికందులను ముద్దాడొద్దు, వాళ్లకది ప్రాణాంతకం కావచ్చు. సర్పి పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రానివాళ్లకు ఆటలమ్మ రావచ్చు, గర్భిణులు జాగ్రత్త.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పెదవి పొక్కులకు ఇంట్లోనే ఆగొచ్చు. సర్పి అయితే ఆగొద్దు, అదీ కంటి చుట్టూనో ముక్కు కొన మీదో లేస్తే కాకినాడైనా రాజమండ్రైనా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.