మంగళవారం రాత్రి మ్యాచ్, చివరి రైలు, ఖాళీ కుర్చీలు

ఇంగ్లండులో ఏ ఫుట్‌బాల్ మైదానానికి వెళ్లాలని ఎవరైనా అడిగితే, జట్టు పేరు కంటే ముందు ఆ ఊరి నుంచి చివరి రైలు ఎన్నింటికో చూసుకోమంటాను. వారం మధ్యలో మ్యాచ్ అయితే మరీను. శనివారం మధ్యాహ్నం మూడింటికి కిటకిటలాడే మైదానాలే మంగళ, బుధవారాల్లో వరుసలకు వరుసలు ఖాళీగా కనిపిస్తాయి. టీవీలో చూసేవారు అభిమానం అడుగంటిందని తేల్చేస్తారు. 2024 చివరి నెలల్లో, లండన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, వారం మధ్య రాత్రుల్లో కొన్ని ఊళ్లు తిరిగాక నాకు అలా అనిపించలేదు. ఆట ఎలా ఉంటుందోనన్న అనుమానం ఎవరినీ ఆపడం లేదు, ఆట అయ్యాక ఇల్లు చేరడమెలా అన్న ప్రశ్నే ఆపుతోంది. ఒక్క ఊళ్లో మాత్రం ఈ లెక్క కుదరలేదు.

నవంబరు 26, మంగళవారం, మాంచెస్టర్. యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, నెదర్లాండ్స్ జట్టు ఫెయనోర్డ్ తలపడుతున్నాయి. ఆట రాత్రి ఎనిమిదింటికి. లండన్ యూస్టన్ నుంచి మాంచెస్టర్ పికడిలీకి రైల్లో రెండు గంటల పైచిలుకు. అక్కడి నుంచి ఎతిహాద్ స్టేడియానికి ట్రామ్ ఉంది, స్టేడియం గుమ్మం దగ్గరే దింపుతుంది. వెళ్లేటప్పుడు ట్రామ్, వచ్చేటప్పుడు నడక, ఇదే నా సలహా. ఆట ముగియగానే ట్రామ్ కోసం నిలబడే వరుస కంటే అరగంట నడకే నయం, దారంతా జనం ఉంటారు కాబట్టి భయం లేదు. 2002 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన ఈ స్టేడియంలో యాభై వేల మందికి పైగా పడతారు. ఏ మూల కూర్చున్నా మైదానం బాగా కనిపిస్తుంది. మెట్లు, దారులు, మరుగుదొడ్లు, అన్నీ వెడల్పుగా, శుభ్రంగా ఉన్నాయి.

ఆ రాత్రి 53వ నిమిషానికే సిటీ 3-0 ఆధిక్యంలోకి వెళ్లింది. ఇక అయిపోయిందన్నట్టు కాసేపటికి జనం లేవడం మొదలైంది. నా ముందు వరుసలో ఒక తండ్రి ఇద్దరు పిల్లలకు కోట్లు తొడిగి, వాళ్లు మారాం చేస్తున్నా నడిపించుకుపోయాడు. మరునాడు బడి. 75వ నిమిషంలో ఫెయనోర్డ్ ఒక గోల్ కొట్టింది, 82లో రెండోది, 89లో మూడోది. ఆట 3-3తో ముగిసింది. సిటీ అభిమానులను ఖాళీ కుర్చీల పేరుతో మిగతా జట్లవారు ఆటపట్టించడం పాత అలవాటు. కానీ ఆ తండ్రిని నేను తప్పుపట్టలేను. ఎనిమిదింటికి మొదలైన ఆట పది దగ్గరపడితే గాని ముగియదు. లండన్ వెళ్లే చివరి రైలు అంతకంటే ముందే వెళ్లిపోతుంది.

ఖర్చు సంగతీ ఉంది. ఇంగ్లండు అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో సీజన్ టికెట్టు అంటే సొంత మైదానంలో 19 లీగ్ మ్యాచ్‌లు. యూరప్ పోటీలకు, కప్పు మ్యాచ్‌లకు మామూలుగా మళ్లీ డబ్బు కట్టాలి. చాంపియన్స్ లీగ్ మొదటి దశలో ఇదివరకు ఒక్కో జట్టుకు సొంతగడ్డపై మూడు ఆటలుండేవి. 2024-25 నుంచి నాలుగు. అంటే ఇంకో మంగళవారమో బుధవారమో పెరిగింది, దాంతో పాటే ఇంకో టికెట్టు. పోతే, స్టేడియంలో మైకులో చెప్పే హాజరు సంఖ్య ఇచ్చిన టికెట్ల లెక్కే గాని లోపల కూర్చున్న తలల లెక్క కాదు. కళ్ల ముందు ఖాళీలు కనిపిస్తుంటే ఘనమైన అంకె వినిపించడం తమాషాగా ఉంటుంది.

మాంచెస్టర్‌లో బస తప్పదు. పికడిలీ స్టేషను చుట్టుపక్కల గదులు దండిగా ఉన్నాయి. శనివారానికి చూసిన గదే మంగళవారానికి తక్కువకు దొరికింది. నేను దిగిన హోటల్లో పరుపు బాగుంది, హీటరు మాత్రం అర్ధరాత్రి పనిచేయడం మానేసింది. అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చి పంపారు. నవంబరులో అది మర్యాద అనిపించుకోదు. భోజనానికి రషోమ్ పేటలోని కర్రీ మైల్ అనే హోటళ్ల వీధి చాలామంది చెబుతారు. పాకిస్తానీ, అరబ్బు వంటలకైతే వెళ్లవచ్చు, ఇడ్లీ, దోసె మీద ఆశ పెట్టుకోకండి.

మాంచెస్టర్ నుంచి కొండల మధ్యగా గంటలోపు రైలు ప్రయాణం షెఫీల్డ్. నాకు అన్నిటికంటే నచ్చిన ఊరు ఇదే. ఇక్కడి పాత జట్లలో ఒకటైన షెఫీల్డ్ వెన్స్‌డే 1867లో పుట్టింది. దానికంటే ముందున్న క్రికెట్ క్లబ్బు బుధవారాల్లో ఆడేది, ఎందుకంటే కత్తులు, చెంచాలు చేసే ఇక్కడి పనివారికి ఆ రోజు ఒంటిపూట సెలవు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టంతో బట్టల మిల్లుల్లో శనివారం మధ్యాహ్నం రెండింటికి పని ఆపడం మొదలైంది. మూడింటి ఆట అలా స్థిరపడింది. పని ఎప్పుడు ఆగితే ఆట అప్పుడు, ఆ రోజుల పద్ధతి అది. ఇప్పుడు టీవీ ఎప్పుడంటే ఆట అప్పుడు.

స్టేషను దగ్గర ట్రామ్ ఎక్కి, ఊరి మధ్యలో పసుపు లైనుకు మారితే లెపింగ్స్ లేన్ స్టాపులో దిగవచ్చు. హిల్స్‌బరో మైదానం పక్కనే. 1989 ఏప్రిల్ 15న ఇక్కడ జరిగిన తొక్కిసలాట 97 మందిని బలితీసుకుంది. బయట స్మారక చిహ్నం ఉంది, ఎప్పుడూ పూలు కనిపిస్తాయి. కాసేపు ఆగి వెళ్లండి. ఆ దుర్ఘటనపై 1990లో వచ్చిన టేలర్ నివేదిక తర్వాతే పెద్ద మైదానాల్లో నిలబడి చూసే గట్లు తీసేసి కుర్చీలు వేశారు. అంతకుముందు జనం తక్కువైనా ఒకచోట గుంపుగా చేరేవారు, లోటు అంతగా కనిపించేది కాదు. ఇప్పుడు రాని ప్రతి మనిషికీ ఒక రంగు కుర్చీ సాక్ష్యం చెబుతుంది.

ఆట 7.45కి. నా స్టాండులో మూడో వంతు ఖాళీ అని నా అంచనా. ఎదురుగా లెపింగ్స్ లేన్ వైపు పై అంతస్తులో, ఊళ్లు దాటి వచ్చిన ప్రత్యర్థి అభిమానులు మాత్రం భుజం భుజం రాసుకుంటూ పాటలతో హోరెత్తించారు. దూరమే కారణమైతే ఖాళీగా ఉండాల్సింది వాళ్ల మూల కదా! ఆ సీజన్లో ఇదే లీగ్‌లో, అంటే ప్రీమియర్ లీగ్‌కు ఒక మెట్టు కింద, ప్లిమత్, సండర్‌లాండ్ రెండూ ఉన్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి 600 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం బయలుదేరేవాడు నెల ముందే నిర్ణయించుకుంటాడు, సెలవు పెడతాడు, బస్సులో చోటు కొంటాడు. ఇక వెనక్కి తగ్గేది లేదు. సొంత ఊరివాడికి మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడ్డాక నిర్ణయం. బయట వాన, నాలుగింటికే చీకటి, పొద్దున్నే ఉద్యోగం. పైగా 2024-25 నుంచి కింది లీగుల్లో వారం మధ్య ఆటలన్నీ స్కై టీవీ ప్రసారం చేస్తోంది. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ప్రత్యక్ష ప్రసారం నిషేధం, మైదానాలు నిండాలని 1960ల నుంచి వస్తున్న పద్ధతి. మంగళవారానికి అలాంటి కంచె లేదు.

నా వరుస చివర పసుపు కోటు వేసుకుని జనాన్ని చూసుకునే స్టూవార్డు తెలుగు కుర్రాడు. నల్గొండ దగ్గర ఊరు, ఇక్కడ ఎం.ఎస్. చదువుతున్నాడు. వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు కాబట్టి మ్యాచ్ డ్యూటీలు అతనికి సరిపోతాయి. "శనివారం అయితే మాట వినపడదన్నా. మంగళవారం కుర్చీల నంబర్లు చదువుకుంటూ కూర్చోవచ్చు" అన్నాడు. తర్వాత ఒక ఖాళీ కుర్చీ చూపించాడు. "అక్కడ కూర్చునే పెద్దాయనకు సీజన్ టికెట్టు ఉంది. కొడుకు కారులో తీసుకొస్తేనే వస్తారు. కొడుక్కి వారం మధ్యలో రాత్రి షిఫ్టు." మంచు వల్లో, కప్పు పోటీ అడ్డు రావడం వల్లో శనివారం ఆట వాయిదా పడి మంగళవారానికి మారినప్పుడు ఇలాంటి కుర్చీలు ఇంకా ఎక్కువట. టికెట్టు చెల్లుతుంది, మనిషికే వీలుపడదు.

షెఫీల్డ్‌లోనూ ఆట ముగిశాక లండన్‌కు నేరు రైలు దొరకదు. ట్రామ్ స్టాపుకు దగ్గరగా ఊరి మధ్యలో గది తీసుకోవడం మేలు. నేను దిగిన చిన్న వసతి గృహం యజమానురాలు రాత్రి పదకొండింటికి వేడి సూప్ పెట్టింది. ఈ ప్రయాణాల్లో నేను పూర్తి మార్కులు వేసిన బస అదొక్కటే. తిండి విషయంలో ఒక హెచ్చరిక: చలికి అందరూ తాగుతున్నారని మైదానంలో బోవ్రిల్ అనే వేడి పానీయం కొనకండి, అది గొడ్డు మాంసం సారం. శాకాహారులకు చీజ్, ఉల్లిపాయ పై, బంగాళాదుంప చిప్స్ ఉంటాయి.

లెక్క కుదరని ఊరు మిల్టన్ కీన్స్. లండన్ నుంచి గంటలోపే, రాత్రి పొద్దుపోయేదాకా రైళ్లు. తెలుగు కుటుంబాలు బాగానే ఉన్న ఊరు. 2007లో తెరిచిన స్టేడియంలో 30,000 మంది పడతారు, మెత్తని కుర్చీలు, స్టేడియంలోనే హోటలు. ఆ హోటల్లో కొన్ని గదుల నుంచి మైదానం కనిపిస్తుంది. ఇన్ని సౌకర్యాలున్నా నేను వెళ్లిన రాత్రి తెరిచింది ఒక స్టాండే, అందులోనూ జనం పలుచగా ఉన్నారు. అది కింది లీగ్ జట్ల ట్రోఫీ. 2016 నుంచి అందులో పెద్ద క్లబ్బుల 21 ఏళ్ల లోపు జట్లనూ ఆడిస్తున్నారు. అది నచ్చక చాలామంది అభిమానులు అప్పటి నుంచే బహిష్కరిస్తున్నారు. ఇక్కడి ఖాళీలకు రైలుతో పని లేదు. ఇక్కడి జట్టు 2003లో దక్షిణ లండన్ నుంచి తరలివచ్చిన వింబుల్డన్ జట్టేనన్న కోపం ఇతర జట్ల అభిమానుల్లో ఇంకా ఉంది. ఆట కోసమైతే ఆ ట్రోఫీకి వెళ్లమని చెప్పను. ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకునే కేకలు, బంతి తగిలిన చప్పుడు స్పష్టంగా వినాలనుకుంటే మాత్రం ఇంతకంటే మంచి చోటు లేదు.

లండన్‌లో ఫుల్హమ్ వారి క్రేవెన్ కాటేజ్ ఒక్కటి చాలు. పట్నీ బ్రిడ్జ్ స్టేషనులో దిగి, థేమ్స్ పక్కన పార్కులోంచి నడవాలి. 1905 నాటి స్టాండులో చెక్క కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి, కాళ్లు పొడవైనవారికి శిక్షే. వారం మధ్యలో కూడా ఇక్కడ ఖాళీలు తక్కువ కనిపించాయి, మెట్రో అర్ధరాత్రి దాకా తిరగడమే కారణమనుకుంటాను. తెల్లవార్లూ నడిచే మెట్రో మాత్రం శుక్ర, శనివారాల్లోనే, అదీ కొన్ని లైన్లలోనే.

పిల్లలను చూడటానికి చలికాలంలో ఇంగ్లండు వచ్చే పెద్దలకు నేను చెప్పేది షెఫీల్డ్ లాంటి ఊళ్లో మంగళవారం ఆట. ప్రీమియర్ లీగ్‌తో పోలిస్తే టికెట్టు చవక, దొరకడం సులువు, కాళ్లు చాపుకోవడానికి పక్క కుర్చీ ఖాళీ. గది ముందే తీసుకోండి, తిరుగు రైలు మరునాటి పొద్దుటికి పెట్టుకోండి. సామాను గదిలోనే వదిలి వెళ్లండి. ఏ4 కాగితం కంటే పెద్ద సంచిని చాలా మైదానాల్లో గేటు దగ్గరే ఆపేస్తారు.