న్యూట్రాన్ ఆయుష్షు: సీసా పద్ధతి, పుంజ పద్ధతి – ఏది మేలు?

కేంద్రకం నుంచి బయటపడిన న్యూట్రాన్ సగటున పదిహేను నిమిషాలలోపే ప్రోటాన్, ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినోలుగా విడిపోతుంది. ఈ బీటా క్షయం ఎంత కాలానికి జరుగుతుందో కొలిచే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఆ రెండూ చెప్పే కాలాల మధ్య దాదాపు పది సెకన్ల తేడా ఉంది. మూల కణాలనూ వాటి మధ్య బలాలనూ వివరించే ప్రామాణిక నమూనాకు అందని భౌతికశాస్త్రాన్ని వెతికేవారు దేనిని ఆధారం చేసుకోవాలన్నది ఇక్కడి ప్రశ్న.

సీసా పద్ధతిలో సెకనుకు కొన్ని మీటర్లకు మించని వేగంతో కదిలే అతిశీతల న్యూట్రాన్లను బంధించి, కొంతసేపయ్యాక ఎన్ని మిగిలాయో లెక్కిస్తారు. అమెరికాలోని లాస్ అలమోస్‌లో దొప్ప ఆకారంలో శాశ్వత అయస్కాంతాలు పేర్చారు. న్యూట్రాన్లు గోడను తాకకుండా అయస్కాంత క్షేత్రం అడ్డుకుంటుంది, పైకి ఎగిరిపోకుండా భూమ్యాకర్షణే ఆపుతుంది. ఒకసారి 20 సెకన్లు, మరోసారి 1550 సెకన్లు ఉంచి, పైనుంచి డిటెక్టరును దింపి మిగిలినవాటిని లెక్కపెడతారు. 2021లో ఈ బృందం ప్రకటించిన విలువ 877.75 సెకన్లు, అనిశ్చితి సెకనులో సగానికంటే తక్కువ.

పుంజ పద్ధతిలో పోయినవాటి జాడను లెక్కిస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో న్యూట్రాన్ పుంజం ఒక విద్యుదయస్కాంత బోను గుండా సాగిపోతుంటే, దారిలో క్షయమైనవాటి ప్రోటాన్లను ఆ బోనులో పట్టి లెక్కించారు. పుంజంలో న్యూట్రాన్లెన్నో లిథియం రేకుతో కొలిచారు. 2013లో వచ్చిన విలువ 887.7 సెకన్లు, అనిశ్చితి రెండు సెకన్లకు పైనే.

ఈ రెండు పద్ధతుల్లో పొరపాట్లు ఎదురెదురు దిశల్లో దొర్లే అవకాశం ఉంది. సీసాలోంచి న్యూట్రాన్ తెలియకుండా జారిపోతే ఆయుష్షు తక్కువగా కనిపిస్తుంది. పుంజంలో ప్రోటాన్ లెక్కకు రాకుండా తప్పిపోతే ఎక్కువగా కనిపిస్తుంది. పొరపాటు లేదనుకుంటే, న్యూట్రాన్లలో సుమారు ఒక శాతం ప్రోటాన్‌ను ఇవ్వకుండా అదృశ్య కణాలుగా మారుతున్నాయేమోనని 2018లో భౌతికశాస్త్రవేత్తలు ఫోర్నాల్, గ్రిన్‌స్టీన్ ప్రతిపాదించారు. ఆ ఊహ ఎంతగానో ఆకర్షించింది. ఆకర్షణ సాక్ష్యం కాదు కనుక దాన్ని మూడో కొలతతో పరీక్షించాలి.

ఆ మూడో కొలత లాంబ్డా. బీటా క్షయాన్ని నడిపించే బలహీన బలం రెండు రకాలుగా పనిచేస్తుంది; అక్షీయ, సదిశ అనే ఆ రెండు భాగాల నిష్పత్తి ఇది. దీనితోపాటు కేంద్రకాల బీటా క్షయాల నుంచి తెలిసిన క్వార్కు మిశ్రణ విలువ (ఒక రకం క్వార్కు మరో రకంగా ఎంత బలంగా మారగలదో చెప్పేది) కూడా ఉంటే బీటా క్షయ రేటును సిద్ధాంతమే చెబుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న లావ్-లాంజవిన్ సంస్థలో ఎలక్ట్రాన్ల దిశాభేదాన్ని, అంటే అవి ఒక దిశలో కన్నా మరో దిశలో ఎంత ఎక్కువగా వెలువడతాయో, కొలిచిన పెర్కియో-3 ప్రయోగం 2019లో ఇచ్చిన లాంబ్డా, సీసా విలువకే దగ్గరగా నిలుస్తుంది. విచిత్రమేమిటంటే అదే సంస్థలో ప్రోటాన్ల శక్తిని కొలిచిన ఆస్పెక్ట్ ఫలితంతో లెక్కిస్తే జవాబు పుంజం వైపు మొగ్గుతుంది. అయితే ఆస్పెక్ట్ అనిశ్చితి పెర్కియోకన్నా దాదాపు అయిదు రెట్లు.

నా మట్టుకు, ఆయుష్షు విలువకు సీసానే మేలు. దాని అనిశ్చితి చాలా తక్కువ, వేర్వేరు సీసాలు కూడా ఇంచుమించు ఒకే చోటికి చేరుతున్నాయి. పైగా జపాన్‌లోని జె-పార్క్‌లో పుంజంలోనే ప్రోటాన్లకు బదులు ఎలక్ట్రాన్లను లెక్కించిన బృందం 2024లో 877.2 సెకన్లని చెప్పింది. అనిశ్చితి నాలుగు సెకన్లకు పైగా ఉన్నా, అది మొగ్గింది సీసా వైపే. న్యూట్రాన్లు అదృశ్య కణాలుగా మారుతుంటే ఎలక్ట్రాన్ల లెక్క కూడా తగ్గి, ఆయుష్షు ఎక్కువగా కనిపించాలి. కాబట్టి పది సెకన్ల తేడాలో కొత్త కణాలను చూడటం తొందరపాటే అనిపిస్తుంది. అయినా పుంజాన్ని వదులుకోరాదు: న్యూట్రాన్లు అదృశ్యంగా మారుతున్నాయా లేదా అన్నది, మిగిలినవాటిని మాత్రమే లెక్కించే సీసా ఒక్కటే ఎన్నటికీ తేల్చలేదు.

కొత్త భౌతికశాస్త్రానికి ఇంకా సూటి దారి క్షయ కణాల దిశలు, శక్తులే. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో న్యాబ్ ప్రయోగం ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినోల దిశల పొంతనతోపాటు, ఎలక్ట్రాన్ల శక్తి పంపిణీని కొద్దిగా మార్చే ఫియర్జ్ పదాన్నీ వెతుకుతుంది. ప్రామాణిక నమూనాలో ఆ పదం సున్నా. అది సున్నా కాదని తేలితే, బలహీన బలంలో అక్షీయ, సదిశ భాగాలు కాక మనకింతవరకు తెలియని అదిశ లేక టెన్సర్ అనే రకం ప్రవాహాలు ఉన్నట్లే.